సముద్రాన్ని దిద్దే ఉద్యోగం

నాది సముద్రాన్ని దిద్దే ఉద్యోగం. సముద్రం తప్పులు చేస్తుంది, నేను కొట్టేస్తాను. పొద్దున కుర్చీలో కూర్చుంటే సాయంత్రానికల్లా ఒక సముద్రం మొత్తాన్ని దారిలో పెట్టి ఇంటికి పోతాను. జీతం తక్కువే కానీ ఇంత పెద్ద విద్యార్థి ఇంకే మాస్టారికీ దొరకడు.

కాస్త వివరంగా చెప్పాలి. మా సంస్థ నీళ్ళలో ఫ్లోట్లు వదులుతుంది. ఫ్లోట్ అంటే మనిషంత ఎత్తున్న పసుప్పచ్చ గొట్టం. ఓడ మీంచి పడేస్తే తనంతట తనే మునుగుతుంది. లోతుకు పోయి కొన్నాళ్ళు ఊరికే కొట్టుకుపోతూ ఉంటుంది. తర్వాత పైకి తేలుతూ, దారి పొడుగునా నీళ్ళలో ఉప్పెంత, వేడెంత అని కొలుచుకుంటుంది. పైకి రాగానే ఆ అంకెలు ఉపగ్రహానికి అప్పజెప్పి మళ్ళీ మునిగిపోతుంది. సెలవు అడగదు. మా బంధువుల్లో ఇంత బుద్ధిగా ఉద్యోగం చేసినవాళ్ళు ఒక్కరూ లేరు.

అయితే ఏళ్ళ తరబడి నీళ్ళలో నానితే సెన్సర్ మీద పాచి పడుతుంది, ఉప్పు లెక్క తప్పుతుంది. అందుకని ఫ్లోట్ పంపిన అంకెల్ని, ఆ చోట ఉప్పు ఎంతుండాలో మాకు ముందే తెలిసిన అంకెలతో పోల్చాలి. కలిస్తే పచ్చ గుర్తు. కొంచెం తేడా ఉంటే దిద్దాలి. దిద్దినా మాట వినకపోతే ఎర్ర గుర్తు పెట్టి పక్కన పడేయాలి. మరి ఆ ముందే తెలిసిన అంకెలు ఎక్కడివి అంటే, మా అత్తవి.

అత్త అంటే నాన్నకు స్వయానా అక్క. వయసులో ఉన్నప్పుడు ఓడెక్కి, మా సముద్రాన్ని ఈ చివర్నుంచి ఆ చివరి దాకా సీసాల్లో పట్టుకొచ్చిన మనిషి. పడమటి వైపు, మధ్య లోతులో, చుట్టూ ఉన్న నీళ్ళకన్నా ఉప్పగా ఉండే ఒక పొర ఉందనీ, అది తూర్పుకు పోయేకొద్దీ సన్నబడుతూ నాలుకలా సాగి ఉందనీ కనిపెట్టింది. దానికి ఉప్పు నాలుక అని పేరు. పాఠ్యపుస్తకాల్లో రంగు పటం ఉంటుంది, నీలం మధ్యలో గోధుమరంగు నాలుక. వర్షాలు చెప్పేవాళ్ళు దాన్ని చూసే చెప్తారు, చేపలు పట్టించేవాళ్ళు దాన్ని చూసే పట్టిస్తారు. మా సంస్థ చిహ్నం కూడా అదే. గేటు మీద ఇనుముతో పోత పోయించారు. కొత్తగా వచ్చినవాళ్ళు పళ్ళ డాక్టరు దగ్గరికి వచ్చామనుకుని వెనక్కి తిరిగిపోతుంటారు.

అత్త దగ్గర పరిశోధన చేసినవాళ్ళు, వాళ్ళ దగ్గర చేసినవాళ్ళు, మళ్ళీ వాళ్ళ దగ్గర చేసినవాళ్ళు, అందరినీ ఒక ఓడలో ఎక్కించవచ్చు. కాకపోతే ఆ ఓడ మునుగుతుంది.

ఆ నాలుక వల్ల లోకంలో నష్టపోయింది నేనొక్కదాన్నే అనుకునేదాన్ని. అత్త ఇంట్లో, అద్దాల అల్మారాలో, పురస్కారాల మధ్య ఒక గాజు సీసా ఉంటుంది. ఆ మొదటి ప్రయాణంలో నాలుక ఉన్న చోట పట్టిన నీళ్ళు. రబ్బరు మూత. నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో అంతవరకు అత్త స్వహస్తాలతో తెల్ల పెయింటు గీత గీసింది. నాకు ఏడేళ్ళప్పుడు సెలవులకి వచ్చాం. అత్త అల్మారా తుడుస్తూ ఆగిపోయింది. నీళ్ళు గీతకన్నా వేలి మందం కిందికి ఉన్నాయి.

విచారణ వెంటనే మొదలైంది.

"మూత నేను పెట్టాను. నేను పెట్టిన మూత కారదు. అంటే ఎవరో తాగారు" అంది అత్త. "సముద్రం నీళ్ళు తాగే పనికిమాలిన బుద్ధి ఈ ఇంట్లో ఎవరికుందో మీరే చెప్పండి."

అందరూ నావైపు చూశారు. చూడక ఏం చేస్తారు. అంతకు ముందు రోజే నాన్న టూత్‌పేస్టుని బిస్కెట్ల మధ్య పూసి పక్కింటివాళ్ళకి పంచిపెట్టాను.

"నేను తాగలేదు" అన్నాను.

"అబద్ధం కూడానా" అని నాన్న వీపు మీద రెండు వేశాడు.

ఆ తర్వాత ఏటా కాస్త కాస్త తగ్గుతూనే వచ్చింది. నేను వేరే ఊళ్ళో హాస్టల్లో ఉన్న ఏళ్ళలో కూడా తగ్గింది. అప్పుడూ నేనే. బస్సెక్కి వచ్చి, అల్మారా తాళం తీసి, ఒక గుటక తాగి, మూతి తుడుచుకుని పోయానని మా వంశంలో స్థిరపడిపోయింది. పెళ్ళిళ్ళలో పరిచయం చేసేటప్పుడు కూడా "ఇది సముద్రం తాగిన పిల్ల" అనేవాళ్ళు. అత్త నన్ను పిడుగు అని పిలిచేది. ఎంత ముద్దొచ్చినా ఆ ఒక్క నేరం మాత్రం మాఫీ చేయలేదు.

చదువయ్యాక ఆ సంస్థలోనే ఉద్యోగం వచ్చింది, అత్త ఇంట్లోనే మకాం పెట్టాను. మామయ్య పోయి చాలా కాలమైంది. అత్తకి చూపు తగ్గింది. పక్కల కనిపిస్తుంది కానీ సరిగ్గా చూసిన చోటే మధ్యలో బూడిద మచ్చ. నా మొహం చూడాలంటే నా చెవి వైపు చూస్తుంది. ఆ చూపు ఇంకో ఏడాదో రెండేళ్ళో అన్నారు డాక్టర్లు. పేపరు నేను చదివి పెట్టేదాన్ని. మధ్యలో ఒకటి రెండు వార్తలు నేనే కల్పించి చదివేదాన్ని. ఒంటెల మీద పన్ను వేశారని చదివినప్పుడు అత్త వారం రోజులు ప్రభుత్వాన్ని తిట్టింది.

ఇక అసలు విషయం. మొదట్లో ఒకటి రెండు ఫ్లోట్లు, నాలుక ఉండాల్సిన చోట నాలుక లేదన్నాయి. ఎర్ర గుర్తు పెట్టాను. తర్వాత ఇంకొన్ని. వాటికీ పెట్టాను. ఈ ఏడాది వదిలిన కొత్తవి, పాచి పట్టే వయసు రానివి, అట్టపెట్టె వాసన ఇంకా పోనివి, అవి కూడా లేదనే అన్నాయి. సముద్రం అంతా ఒక్క మాట మీద ఉంది. ఎదురు నిలబడింది నేనొక్కదాన్నే.

డైరెక్టర్ గారి గదికి వెళ్ళాను. ఆయన అత్తకి మొట్టమొదటి శిష్యుడు. నాలుక మీద పెరిగి పెద్దయిన మనిషి. జుట్టంతా తెల్లబడింది కానీ అత్త ఇప్పటికీ "ఒరేయ్" అనే పిలుస్తుంది.

"సార్, ఫ్లోట్లన్నీ ఒకేలా చెడిపోతున్నాయి."

"ఒకే కంపెనీవి కదమ్మా."

"మూడు కంపెనీలవి సార్."

"సెన్సర్ ఒకటే అయ్యుంటుంది."

"కాదు సార్. కనుక్కున్నాను."

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "చూడమ్మా. మేడమ్ ఓడలో వాంతులు చేసుకుంటూ చేత్తో పట్టి తెచ్చిన అంకెలవి. ఇవేమో డబ్బాలు. డబ్బా మాట వింటావా, మీ అత్త మాట వింటావా?"

"ఇంట్లో అయితే డబ్బా మాటే వింటాను సార్."

ఆయన నవ్వలేదు. "దిద్దు. వచ్చే నెల ఓడకి పేరు పెడుతున్నాం. పెయింటు కూడా వేసేశారు. తెలుసు కదా."

తెలుసు. సంస్థ కొత్తగా కట్టించిన ఓడకి అత్త పేరు పెడుతున్నారు. ఆ సభలో మాట్లాడటానికే అత్త ఇంట్లో రోజూ తయారవుతోంది. ఆ సాయంత్రం నేను చెప్పులు విడిచీ విడవకముందే అడిగింది.

"ఏమే పిడుగా, నాకో పటం కావాలి. నా పాత గీత, దాని మీద మీ ఫ్లోట్ల గీత. సభలో చూపిస్తాను. ఇన్నేళ్ళయినా నాలుక అలాగే ఉందని అందరికీ కనపడాలి."

"మాటలతో చెప్తే చాలదా అత్తా? నువ్వు చెప్తే నమ్మనివాడు ఎవడున్నాడు?"

"అందుకేనే చూపించమంటున్నాను. నమ్మేవాళ్ళకి చూపించడమే మా పని."

మర్నాడు దిద్దిన అంకెలతో పటం గీసి, పెద్ద కాగితం మీద అచ్చు వేయించి తెచ్చాను. అత్త బల్ల మీద పరుచుకుంది. భూతద్దం పట్టుకుని, తల పక్కకు వంచి, కంటి అంచుతో కిందినుంచి పైకి పాకుతూ చూసింది. మొహం వెలిగింది. నేను టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాను. గ్లాసులతో తిరిగొచ్చేసరికి ఆ వెలుగు లేదు.

"ఇదేంటే, గీత మీద గీత పడింది?"

"నువ్వు సరిగ్గా కొలిచావన్నమాట."

"నేనెంత సరిగ్గా కొలిచినా ఇంత కలవదు. నేను పట్టిన రోజు వేరు, ఇది పట్టిన రోజు వేరు. అక్కడో వెంట్రుక, ఇక్కడో వెంట్రుక తేడా ఉండాలి. సముద్రం ఇంత మర్యాదగా ఉండదు." భూతద్దం పక్కన పెట్టింది. "దిద్దకముందువి తీసుకురా."

"అవి పాచి పట్టినవి అత్తా. కంపు కొడతాయి."

"పిడుగా."

"పోనీ పన్ను వేసిన ఒంటెల సంగతి చెప్పనా?"

"ఆ ఒంటెలు నువ్వు కల్పించావని రెండో రోజే తెలుసు. నీకు చదవడం సరదాగా ఉందని ఊరుకున్నాను. దిద్దకముందువి తీసుకురా."

నవ్వులాట అక్కడితో అయిపోయింది. ఆ అంకెలు నా సంచిలోనే ఉన్నాయి. పొద్దున్నుంచీ మోస్తున్నాను. తీసి పరిచాను. భూతద్దం పడమటి నుంచి తూర్పుకి నడిచింది, మళ్ళీ తూర్పు నుంచి పడమటికి. మధ్య లోతులో గీత నున్నగా, ఏ బొడిపే లేకుండా దిగిపోయింది.

"ఎన్ని ఫ్లోట్లు?"

"అన్నీ."

అత్త అరవలేదు. సెన్సర్ల గురించి అడిగింది, కంపెనీల గురించి అడిగింది, లోతు కొలతలో పొరపాటేమోనని అడిగింది. డైరెక్టర్ గారు వేసిన ప్రశ్నలన్నీ మళ్ళీ నా మీదికే వచ్చాయి. అన్నిటికీ కాదు, కాదు అనే చెప్పాల్సి వచ్చింది. టీ చల్లారిపోయింది. అత్త తనలో తను మాట్లాడుకుంటున్నట్టు మొదలుపెట్టింది.

"పై నీళ్ళూ అడుగు నీళ్ళూ ఓడలోనే కొలిచేశాం. మధ్యవి మాత్రం నేనే కొలవనివ్వలేదు. ఓడ ఊగుతుంటే ఉప్పు కొలిచే మెషీన్ నిలకడగా ఉండేది కాదు. అసలు సంగతి మధ్య పొరలోనే ఉందని నాకు మొదట్నుంచీ అనుమానం. అందుకని వాటిని జాగ్రత్తగా ఒడ్డుకి తీసుకెళ్ళి, మంచి మెషీన్ మీద, నేనే స్వయంగా కొలవాలని పెట్టెల్లో దాచాను."

"మంచిదే కదా అత్తా."

"ఒడ్డున మెషీన్ ఖాళీ లేదు. పెట్టెలు గోదాములో ఉండిపోయాయి. రేకుల గోదాము. ఎండాకాలమంతా అక్కడే."

నాకు ఇంకా అర్థం కాలేదు.

"పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చాం. ఓడ పడమట బయల్దేరి తూర్పుకి పోయింది. పడమటివి అడుగున, తూర్పువి పైన. కొలిచేటప్పుడు పైవి ముందు తీశాం. అడుగువి ఎప్పటికో గానీ మెషీన్ మీదికి రాలేదు." ఆమె వేలు పటం మీద నాలుక ఉండాల్సిన చోట ఆగింది. "మూతలోంచి నీళ్ళు ఆవిరై పోతే ఏం మిగుల్తుందే?"

"ఉప్పు."

"ఎక్కువ రోజులు కాచుకున్న సీసాలో?"

"ఎక్కువ ఉప్పు."

"పడమట ఎక్కువ, తూర్పుకి పోయేకొద్దీ తక్కువ" అంది అత్త. "నేను కొలిచింది సముద్రాన్ని కాదే. గోదాములో ఏ పెట్టె ఎన్నాళ్ళు కూర్చుందో అది కొలిచాను."

మా ఇంట్లో ఎవరైనా ఏడిస్తే నేను ఏదో ఒక కోతిపని చేసి ఆపేదాన్ని. అత్త ఏడవలేదు. అందుకని నాకు ఏం చేయాలో తోచలేదు.

లేచి, గోడ పట్టుకుంటూ అల్మారా దగ్గరికి వెళ్ళింది. సీసా తీసి కిటికీ వెలుగులో పట్టుకుంది. తెల్ల గీతకీ నీటికీ మధ్య ఇప్పుడు మూడు వేళ్ళ ఖాళీ. మూతని బొటనవేలితో తడిమింది. అదే ప్రయాణం, అదే రబ్బరు. ఆ మూతల రకాన్ని ఏరికోరి తెప్పించింది కూడా తనే.

"నువ్వు తాగలేదా?" అంది.

"ఎప్పట్నుంచో అదే చెప్తున్నాను."

"నా ఎదురుగానే ఉంది. ఇన్నేళ్ళు. రోజూ తుడిచాను." సీసాని గుండెకి ఆనించుకుంది. "మూత కారుతోందనుకోవడం కన్నా నువ్వు తాగావనుకోవడమే తేలికయింది నాకు."

చిన్నప్పట్నుంచీ ఈ తీర్పు కోసం ఎదురుచూశాను. తీర్పు వచ్చినప్పుడు ఇల్లంతా గెంతాలనీ, నాన్న వీపు మీద రెండు తిరిగి వేయాలనీ పథకాలు కూడా ఉండేవి. తీరా వచ్చాక, ఆ నీళ్ళు నేనే తాగి ఉంటే బాగుండేదనిపించింది. ఇప్పటికైనా ఒప్పేసుకుందామా అని ఒక్క క్షణం ఆలోచించాను. అత్త నా చెవి వైపు చూసి, "ఒద్దు" అంది. నేనింకా నోరు తెరవనే లేదు.

ఆ వారంలోనే డైరెక్టర్ గారు సభ ఏర్పాట్లు చెప్పడానికి ఇంటికొచ్చారు. పూలగుత్తి తెచ్చారు. అత్త ఆయన్ని కూర్చోబెట్టి, సీసా బల్ల మీద పెట్టి, గోదాము సంగతంతా చెప్పింది. ఆయన మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. అది చూస్తేనే నాకు భయం వేసింది.

"ఒరేయ్, ఏదైనా అను."

"ఏమనమంటారు మేడమ్?"

"తప్పయితే తప్పను. కాకపోతే ఎందుకు కాదో చెప్పు."

ఆయన పూలగుత్తికి చుట్టిన కాగితాన్ని చిన్నగా మడతలు పెడుతూ కూర్చున్నారు. "నా మొదటి ప్రయాణం గుర్తుందా మేడమ్? మీరు నన్ను ఒక్కణ్ణే పంపారు. తిరిగొచ్చి నాలుక కనపడలేదన్నాను."

అత్త తల ఎత్తింది.

"మళ్ళీ కొలవమన్నారు మీరు. కొలిచాను. కనపడలేదు. చేతకానివాడు సముద్రాన్ని తప్పుపడతాడన్నారు. అందరి ముందూ. అప్పుడు నా మెషీన్‌ని మీ పాత అంకెలతో సరిచూసుకుని మళ్ళీ కొలిచాను. కనపడింది." కాగితం ఇక మడవడానికి వీలు కానంత చిన్నదైపోయింది. "అప్పట్నుంచీ కనపడుతూనే ఉంది మేడమ్. నా తర్వాత వాళ్ళకి కూడా అలాగే చూడటం నేర్పాను. ఇప్పుడొచ్చి లేదంటున్నారు."

"అప్పుడే చెప్పుండాల్సిందిరా."

"చెప్పానండీ. మీరే వినలేదు."



"సరే, ఇప్పుడు వింటున్నాను. నువ్వూ విను" అంది అత్త. "ఆ దిద్దుడు ఆపించు. ఫ్లోట్లు చెప్పింది చెప్పనీ."

"ఆపితే, ఇన్నేళ్ళు మేమంతా ఏం చేశామని అడుగుతారు. మా సంస్థలో పిల్లలు, వాళ్ళ ఉద్యోగాలు. నాకు వచ్చే ఏడాది రిటైర్మెంటు." ఆయన లేచారు. "మీకు మీ తప్పు దిద్దుకునే హక్కుంది మేడమ్. మా అందరిదీ దిద్దే హక్కు ఎక్కడిది?"

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ నాతో, "సీసా లోపల పెట్టెయ్ అమ్మా, పగిలిపోగలదు" అన్నారు. ఆయన చెడ్డవాడైతే ఎంత సుఖంగా ఉండేదో.

సభ రేవులో జరిగింది. ఓడ తెల్లగా, పెళ్ళివారి మేడలా ఉంది. దాని పక్కన అత్త పేరు, ఒక్కో అక్షరం మా వంటిల్లంత. అత్తకి అంత పెద్ద అక్షరాలు కూడా కనపడలేదు. పేరున్న చోటే మచ్చ పడింది. మైకు ముందు నిలబెట్టాను.

"అందరికీ నమస్కారం. ఉప్పు నాలుక లేదు" అంది. "నా సీసాల మూతలు కారాయి. ఆ సంగతి నాకు ఇప్పుడు తెలిసింది. నా పాత అంకెల్ని మీ లెక్కల్లోంచి తీసేయండి. ఓడకి ఇంకేదైనా పేరు పెట్టుకోండి."

ముందు వరసలో ఎవరో నవ్వారు, ఆప్యాయంగా. వెనక వరస చప్పట్లు కొట్టింది. చప్పట్లు చూసి జనం లేచి నిలబడ్డారు. అంత ఎత్తుకు ఎదిగిన మనిషి తనని తాను ఇంత తగ్గించుకోవడం ఎక్కడా చూడలేదన్నారు తర్వాతి వక్త. అత్త "నేను సరదాకి చెప్పట్లేదు" అంటూనే ఉంది, మైకు అప్పటికే ఆయన చేతిలో ఉంది. మర్నాడు పేపర్లో వచ్చింది: శాస్త్రవేత్త వినయానికి సభ మంత్రముగ్ధం. నేను చదివి వినిపించాను.

"ఇది నువ్వు కల్పించిందేనా?" అని అడిగింది అత్త, ఆశగా.

"కాదత్తా."

మాటలు పనికిరాలేదని వ్యాసం రాసింది. తను చెప్తుంటే నేను టైపు చేశాను. చిన్న వ్యాసం. గోదాము, పెట్టెల వరస, మూతలు, ఇంట్లో సీసా. ఆ సీసాలోంచి ఒక్క చుక్క తీసుకెళ్ళి మా మెషీన్ మీద పెట్టాను. ఆ ఉప్పు చూసి మెషీన్ మొదట మొరాయించి, తర్వాత అంకె చెప్పింది. ఆ అంకె కూడా వేశాం. పత్రికకి పంపేటప్పుడు రచయిత పేరు తీసేసి పంపాలి, పరిశీలించేవాళ్ళకి ఎవరు రాశారో తెలియకూడదని నియమం. అదే మంచిదంది అత్త. పేరు లేకపోతే వినయం అనరు కదా అని.

జవాబు రావడానికి వానాకాలం మొత్తం పట్టింది. ఈలోగా బూడిద మచ్చ పెద్దదైంది. అత్త నా చెవి వైపు కాదు, భుజం వైపు చూడటం మొదలుపెట్టింది. కొత్త ఓడ మొదటి ప్రయాణానికి వెళ్ళొచ్చింది. వెళ్ళేముందు దాని మెషీన్లని పాత అంకెలతో సరిచూశారు. నాలుక చక్కగా కనపడింది. మా సంస్థలో స్వీట్లు పంచారు.

జవాబు వచ్చిన రోజు ఆదివారం. చదివి వినిపించమంది. ఒంటెల గురించి చదువుదామా అని చూశాను గానీ ఆమెకి నా గొంతు తెలుసు.

"వ్యాసాన్ని ప్రచురించలేము. రచయిత, ఉప్పు నాలుక మీద జరిగిన మౌలిక కృషిని సరిగ్గా చదివినట్టు లేరు. ముందుగా ఆ మూల గ్రంథాలను శ్రద్ధగా అధ్యయనం చేయవలసిందిగా సూచన." కింద మూల గ్రంథాలేమిటో ఇచ్చారు. అన్నీ అత్తవే.

నాకు నవ్వు ఆగలేదు. ఏం చేయను, నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ చూస్తే అత్త పెదాలు కదులుతున్నాయి.

"'సరిగ్గా చదివినట్టు లేరు', అంతేనా? ఇంకోసారి చదువు."

చదివాను.

"అది నా వాక్యమే. నాలుక లేదని ఎవరు రాసి పంపినా ఇదే రాసి తిప్పి కొట్టేదాన్ని. ఎంతమందికి రాశానో. పిల్లలు నా దగ్గర్నుంచే నేర్చుకున్నారు." చేత్తో బల్ల మీద ముక్కలు తుడుస్తున్నట్టు తుడిచింది. బల్ల మీద ఏమీ లేదు. "వాళ్ళలో ఒకళ్ళిద్దరు తర్వాత ఈ చదువే మానేశారే."



కాసేపయ్యాక అంది, "మీ నాన్నకి ఫోన్ చెయ్."

"ఎందుకు?"

"ఒక్కటైనా దిద్దనీ."

చేసి, స్పీకర్ పెట్టి ఆమె ముందు ఉంచాను.

"ఒరేయ్ తమ్ముడూ, నేను."

"చెప్పక్కా, కళ్ళెలా ఉన్నాయి?"

"కళ్ళ సంగతి ఉండనీ. అల్మారాలో సీసా గుర్తుందా? నీళ్ళు తగ్గాయని పిల్లని కొట్టావు. అది తాగలేదురా. మూత కారింది."

అవతల నాన్న హాయిగా నవ్వాడు. "పిడుగు పక్కనే ఉందా? అదే చెప్పించిందా నీ చేత?"

"కాదురా. నేనే చెప్తున్నాను. తప్పు నాది."

"ఊరుకో అక్కా. నాకు బాగా గుర్తు. తాగి కడుపునొప్పని ఏడ్చింది కూడా."

"నువ్వు కొడితే ఏడ్చాను నాన్నా" అన్నాను.

"చూశావా, ఉంది అక్కడే! అక్కా, నువ్వే కదా అప్పుడు చెప్పావు, మూత కారదు, ఎవరో తాగారని. నువ్వు చూసి చెప్పాక ఇంకా తప్పేంటి?" నాన్న గొంతులో ఎంత ప్రేమో. "నువ్వేం మనసులో పెట్టుకోకు. చిన్నపిల్ల, తాగింది, అయిపోయింది. భోజనం చేశావా?"

"చేశానురా" అంది అత్త. చేయలేదు.

ఫోన్ పెట్టేశాను. అత్త తెల్ల పెయింటు డబ్బా, సన్న కుంచె వెతికి తెమ్మంది. సీసా తెచ్చి ముందు పెట్టాను. నీళ్ళు ఎక్కడున్నాయో ఆమెకి కనపడదు. నా వేలు పట్టుకుని నీటి మట్టం దగ్గర పెట్టించి, నా గోటి అంచు వెంబడి కొత్త గీత గీసింది. వంకరగా వచ్చింది. కింద తేదీ వేయమంది. పాత మూతని మాత్రం ముట్టుకోనివ్వలేదు.

"నెలకోసారి చూడు. ఎంత దిగిందో రాసుకో. ఎండాకాలం ఎంత, చలికాలం ఎంత. కొన్నేళ్ళు వరసగా ఉంటే, గోదాములో ఎంత పోయి ఉంటుందో లెక్క కట్టొచ్చు. అప్పుడు ఎవరో ఒకరు చదువుతారు."

కొన్నేళ్ళు అన్నప్పుడు నా భుజం వైపు చూడలేదు.

"నా చేతికిస్తున్నావా అత్తా? నా మీద కేసు ఇంకా కొట్టేయలేదు. తాగేస్తానేమో."

"తాగితే తాగు" అంది అత్త, కుంచె నీళ్ళలో కడుగుతూ. "ఎంత తాగావో మాత్రం రాసిపెట్టు."